ఎగిరేవాడికి ఎంత తెర కావాలి?

మా తమ్ముడు తెనాలిలో ఒక సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేశాడు. రీళ్ళ కాలంలో చేరి, డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చాక మానేశాడు. మా అమ్మాయి హైదరాబాదులో వెబ్ సిరీస్‌లకు ఎడిటరు. ఇద్దరికీ సూపర్ హీరోల పిచ్చి. ఇద్దరూ ఒకచోట చేరితే మిగతావాళ్ళకి రిమోట్ దక్కదు. మొన్న సంక్రాంతికి భోజనాలయ్యాక మొదలైంది వాదన: సూపర్ హీరో కథకి సినిమా మేలా, ఎనిమిది తొమ్మిది ఎపిసోడ్ల సిరీస్ మేలా అని. నేను తీర్పు చెప్పేవాణ్ణి కాదు, రాసుకునేవాణ్ణి. నోరు కట్టుకోలేకపోయిన చోట మాత్రం బ్రాకెట్లలో ఒక మాట వేశాను.

ఆపరేటర్: ముందే చెప్తున్నా అమ్మాయ్. 'ది డార్క్ నైట్' ఫోన్లో చూసినవాళ్ళతో నేను మాట్లాడను.

ఎడిటర్: హాల్లోనే చూశాను బాబాయ్, నువ్వే తీసుకెళ్ళావు. అయినా నా గొడవ తెర సైజుతో కాదు, కథకి దొరికే టైముతో. 'వాచ్‌మెన్' తీసుకో. అలన్ మూర్ రాసి, డేవ్ గిబ్బన్స్ బొమ్మలేసిన కామిక్. 1986-87ల్లో పన్నెండు సంచికలుగా వచ్చింది. దాన్ని సినిమా తీద్దామని టెర్రీ గిలియమ్ అంతటివాడు కూర్చుని, ఇది సినిమాకి లొంగదు, మినీ సిరీస్‌గా తీస్తే బాగుంటుందని వదిలేశాడు. 2009లో జాక్ స్నైడర్ లొంగదీశాడు. 162 నిమిషాలు. పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో తెర మీద ఫ్రేము అలాగే పెట్టాడు. బొమ్మ దిగింది, ప్రాణం దిగలేదు.

ఆపరేటర్: ఎందుకు దిగలేదు? నాకు బాగానే ఉంది.

ఎడిటర్: పుస్తకంలో ఒక పేపర్ల బంకు ఉంటుంది, గుర్తుందా? బంకు ముసలాయన యుద్ధం గురించి ఏదో వాగుతూ ఉంటాడు. పక్కన ఒక కుర్రాడు డబ్బులివ్వకుండా అక్కడే కూర్చుని కామిక్ చదువుతుంటాడు. ఇద్దరికీ కథతో సంబంధం ఉన్నట్టే కనపడదు. సంచిక తర్వాత సంచిక వాళ్ళ దగ్గరికే వస్తుంటాం. చివరికి న్యూయార్క్‌లో సగం మంది చచ్చిపోయినప్పుడు మనకి గుండె పట్టేసేది ఆ ఇద్దరి కోసమే. హాల్లో ఆడిన సినిమాలో వాళ్ళు ఇంచుమించు మాయం. ఊరు పేలిపోతుంది, ఆ ఊళ్ళో మనకి తెలిసినవాడు ఒక్కడూ ఉండడు.

ఆపరేటర్: అది పన్నెండు సంచికలుగా పుట్టిన కథ కాబట్టి వచ్చిన తంటా. సినిమాగా పుట్టినవాటి మాట చెప్పు. 1978 'సూపర్‌మ్యాన్' తీసుకో, రిచర్డ్ డానర్‌ది. హెలికాప్టర్ సీను వచ్చేసరికి గంట దాటుతుంది. అప్పటిదాకా జనాన్ని కూర్చోబెట్టాడు. హెలికాప్టర్ మేడ అంచున వేలాడుతోంది, లోయిస్ కిందికి జారుతోంది. క్లార్క్ కెంట్ సూపర్‌మ్యాన్‌గా బట్టలు మార్చుకోడానికి టెలిఫోన్ బూత్ కోసం చూస్తే అక్కడ తలుపుల్లేని సగం డబ్బా ఉంటుంది. ఒక్కసారి ఎగాదిగా చూసి పక్కకి పరిగెడతాడు. హాలు గొల్లుమంటుంది. ఆ నవ్వు ఆగేలోపలే పైకి లేస్తాడు. నవ్వుతున్న నోళ్ళే ఈలలేస్తాయి. క్యాబిన్ కంతలోంచి నేను తెర కంటే జనాన్నే ఎక్కువ చూశాను. నవ్వు ఈలగా మారే ఆ రెండు సెకన్లు మీ సిరీస్‌లో ఎక్కడ దొరుకుతాయి? ఒక్కడివే సోఫాలో కూర్చుని ఈలేస్తావా?

ఎడిటర్: ఈల లేకపోతే కథ లేదా?

ఆపరేటర్: సూపర్ హీరో కథకి జనం లేకపోతే కథ లేదు. వాడు కాపాడేది జనాన్నే కదా. 'స్పైడర్‌మ్యాన్ 2'లో రైలు సీను చూడు. రైలు ఆపి స్పృహ తప్పి పడిపోతాడు, ముసుగు ఉండదు. పెట్టెలో జనం వాణ్ణి తలల మీదుగా చేతులతో మోసుకుంటూ లోపలికి తీసుకెళ్ళి పడుకోబెడతారు. చూస్తే చిన్న కుర్రాడు. ఇద్దరు పిల్లలు ముసుగు తెచ్చిస్తారు, ఎవరికీ చెప్పం అంటారు. తెర మీద పెట్టెడు జనం, తెర ముందు హాలెడు జనం. ఇద్దరూ కలిసి ఒక రహస్యం దాచిపెడుతున్నట్టు ఉంటుంది. ఒంటరిగా చూసేవాడు ఏ రహస్యం దాస్తాడు?

(ఇక్కడ మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. మావాడు ఆ అవకాశం తీసుకుని ఇంకో అరిసె తీసుకున్నాడు.)

ఎడిటర్: సరే, ఆ సీను నీదే. కానీ బాబాయ్, ఆ సినిమాకి నువ్వు ఇంటర్వెల్ ఎక్కడ ఇచ్చావు?

ఆపరేటర్: ఇంగ్లీషు సినిమాకి ఇంటర్వెల్ ఉండదుగా. మన హాల్లో క్యాంటీన్ నడవాలంటే ఉండాలి. అందుకని మేమే చూసుకుని ఆపేవాళ్ళం. కొందరు లెక్కప్రకారం సగానికి కట్టేసేవాళ్ళు, డైలాగు సగంలో ఉన్నా సరే. నేనలా చేసేవాణ్ణి కాదు. పీటర్ ఇక స్పైడర్‌మ్యాన్‌గా ఉండటం నావల్ల కాదని తన డ్రెస్సు సందులో చెత్తడబ్బాలో పడేసి, వాన్లో వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోతాడు చూడు. అక్కడ లైట్లేశాను. టీ తాగుతూ అందరూ ఒకటే మాట: మళ్ళీ ఎప్పుడు వేసుకుంటాడు అని.

ఎడిటర్: అదీ! ఎపిసోడ్ ఎండింగ్ అంటే అదే. నాకు జీతమిచ్చేది ఆ పనికే. నువ్వు సినిమా పక్షం అంటావు గానీ, ఆ సినిమాని రెండు ఎపిసోడ్లు చేసి ఆడించావు.

ఆపరేటర్: ఒక్కచోట ఆపాను. అదీ టీకి. నువ్వు తొమ్మిది ఎపిసోడ్లకి ఎనిమిది చోట్ల ఆపుతావు. ఆపిన ప్రతిచోటా జనాన్ని మళ్ళీ లోపలికి లాగాలి కాబట్టి, అవసరం ఉన్నా లేకపోయినా ఎవడి నెత్తి మీదో కత్తి వేలాడదీస్తావు. జీడిపాకం సాగినట్టు సాగుతుంది.

ఎడిటర్: ఆ జీడిపాకం మొదలుపెట్టింది మేం కాదు, మీ హాళ్ళే. తెర మీదికి సూపర్ హీరో వచ్చిందే సీరియల్‌గా. 1941లో 'అడ్వెంచర్స్ ఆఫ్ కెప్టెన్ మార్వెల్', రిపబ్లిక్ కంపెనీ తీసింది. పన్నెండు భాగాలు, వారానికొకటి అమెరికా హాళ్ళలో వేశారు. 1943లో బ్యాట్‌మ్యాన్ పదిహేను భాగాలు, 1948లో సూపర్‌మ్యాన్ పదిహేను భాగాలు. డానర్ సినిమాకి ముప్ఫై ఏళ్ళ ముందు మాట. అంటే ఎపిసోడ్ అనేది టీవీ సొత్తు కాదు. ఎగిరే మనిషి పుట్టడమే భాగాలుగా పుట్టాడు. కామిక్ కూడా నెలకొకటేగా!

ఆపరేటర్: ఆ భాగాల్లో ఎంత మోసం ఉండేదో కూడా చెప్పు. ఈ వారం కారు లోయలో పడిపోతుంది, పేలిపోతుంది. వచ్చే వారం అదే సీను మళ్ళీ వేసి, పడకముందే దూకేశాడని చూపిస్తారు. పిల్లలకి సరిపోయింది. 1966 బ్యాట్‌మ్యాన్ టీవీలో వారానికి రెండు రాత్రులు వచ్చేది. మొదటి రాత్రి ఏ యంత్రంలోనో ఇరికిస్తారు, రెండో రాత్రి నడుం పట్టీలోంచి ఏదో తీసి బయటపడతాడు. మొత్తం 120 ఎపిసోడ్లు, మొదటి రెండు సీజన్లూ ఇంచుమించు అదే వరస. దాన్ని వాళ్ళు వేళాకోళంగా తీశారు కాబట్టి బతికింది.

ఎడిటర్: నేను 120 ఎపిసోడ్ల గురించి మాట్లాడట్లేదు. చిన్న సిరీస్ అంటున్నాను. 

ఆపరేటర్: 'స్మాల్‌విల్' మాట ఎత్తుతానని భయం! పదేళ్ళు, 217 ఎపిసోడ్లు. కుర్రాడు ఎగరకూడదు, డ్రెస్సు వేసుకోకూడదు అని ముందే రూలు పెట్టుకుని కూర్చున్నారు. ఆఖరి ఎపిసోడ్ దాకా ఎగరని సూపర్‌మ్యాన్! అదే 2025లో జేమ్స్ గన్ ఏం చేశాడు? తన 'సూపర్‌మ్యాన్' సినిమా మొదట్లో తెర మీద కొన్ని లైన్ల అక్షరాలు వేశాడు. మూడు శతాబ్దాల క్రితం, మూడు దశాబ్దాల క్రితం, మూడేళ్ళ క్రితం అని దిగుతూ దిగుతూ మూడు నిమిషాల క్రితం మొదటిసారి ఓడిపోయాడు అని ఆపాడు. వెంటనే వాడు మంచులో వచ్చి పడతాడు. పదేళ్ళ సరుకు ఒక నిమిషంలో.

ఎడిటర్: అది నా సాక్ష్యం బాబాయ్, నీది కాదు. మధ్యలోంచి మొదలుపెట్టి, వెనక జరిగింది రెండు ముక్కల్లో చెప్పి కథలోకి దూకడం ఎవరి పద్ధతి? 'ఇప్పటివరకు జరిగిన కథ' అని వేసేది మేము. సినిమావాళ్ళే ఇప్పుడు మూడో ఎపిసోడ్ తీసినట్టు తీస్తున్నారు.

(ఈ మాట నాకు నచ్చింది. తండ్రినని కాదు.)

ఆపరేటర్: మాటకి మాట బాగా నేర్చావు. డబ్బు సంగతి చూద్దాం. రెండు గంటలకి పెట్టాల్సిన ఖర్చు ఐదారు గంటలకి పరిస్తే ఏమవుతుంది? 2017లో మార్వెల్ వాళ్ళు 'ఇన్‌హ్యూమన్స్' తీశారు. మొదటి రెండు ఎపిసోడ్లు టీవీ కంటే ముందు ఐమాక్స్ హాళ్ళలో వేశారు. అందులో మెడూసా అని రాణి, ఆమె జుట్టే ఆమె ఆయుధం, చేతుల్లా కదులుతుంది. మొదట్లోనే గుండు గీసేశారు! కథ కోసమని వాళ్ళు చెప్పుకుంటారు, కంప్యూటర్ గ్రాఫిక్స్ ఖర్చు కోసమని నేనంటాను. ఎనిమిది ఎపిసోడ్లతో మూతపడింది.

ఎడిటర్: అది చెత్త. నేను వెనకేసుకురాను.

ఆపరేటర్: 'షీ-హల్క్' కూడానా? ఆఖరి ఎపిసోడ్లో వాళ్ళే ఒప్పుకున్నారుగా. నువ్వు ఆకుపచ్చగా ఉంటే ఖర్చెక్కువ, మామూలు మనిషిగా మారిపో, అదీ కెమెరా పక్కకి తిరిగాక మారు, గ్రాఫిక్స్ వాళ్ళు వేరే పనికి వెళ్ళిపోయారు అని ఒక యంత్రం చేత చెప్పించారు.

ఎడిటర్: ఆ జోకు బాగుంది కదా!

ఆపరేటర్: జోకు బాగుంది. హీరోయిన్ని చూపించడానికి డబ్బుల్లేవనడం బాగాలేదు.

ఎడిటర్: డబ్బుల్లేనప్పుడే కొన్ని మంచి పనులు జరుగుతాయి. 2015 'డేర్‌డెవిల్' రెండో ఎపిసోడ్. ఒక పిల్లాణ్ణి ఎత్తుకుపోయి ఒక గదిలో పెట్టారు. ఆ గదికి పోయే దారి ఒక ఇరుకు నడవా, మురికి గోడలు. కెమెరా ఆ నడవా వదలదు, కట్ కనపడదు. కొట్లాట పక్క గదుల్లోకి పోతుంది, మనకి చప్పుడే వినపడుతుంది. ఒక తలుపులోంచి మైక్రోవేవ్ ఒకటి ఎగిరొచ్చి ఒకడి మీద పడుతుంది. అంతకంటే గొప్ప సంగతి, డేర్‌డెవిల్ అలిసిపోవడం. కొట్టి గోడకి ఆనుకుంటాడు, ఊపిరి తీసుకుంటాడు. పడ్డవాళ్ళు లేస్తారు, వాళ్ళకీ ఓపిక ఉండదు, తూలుతూ వస్తారు. సుమారు మూడు నిమిషాలు. సినిమాలో హీరో అలిసిపోతే ఇంటర్వెల్ పడుతుంది గానీ, ఇలా ఊరికే అలిసిపోనివ్వరు.

ఆపరేటర్: అది చూశాను. బాగుంది. కొరియావాళ్ళ 'ఓల్డ్‌బాయ్'లో సుత్తి పట్టుకుని కొట్టే నడవా సీను చూశావా? 2003. సినిమా అది.

ఎడిటర్: చూశాను. అప్పు తీసుకున్నారు, వడ్డీతో కట్టారు. ఆ సిరీస్‌లో ఇంకోటి ఉంది. విలన్ విల్సన్ ఫిస్క్ మూడో ఎపిసోడ్ చివరిదాకా కనపడడు. వాడి పేరు పలకడానికే మనుషులు చచ్చేంత భయపడతారు. తీరా కనపడ్డప్పుడు ఏం చేస్తుంటాడు? ఒక ఖాళీ తెల్ల పెయింటింగ్ ముందు నిలబడి దిగులుగా చూస్తుంటాడు. ఆ తర్వాతి ఎపిసోడ్లో, ప్రేమించిన మనిషి ముందు తనకి తలవంపులు తెచ్చాడని ఒకణ్ణి కారు తలుపు మధ్య తలపెట్టి చంపుతాడు. ఎనిమిదో ఎపిసోడ్లో చిన్నప్పుడు తండ్రిని సుత్తితో కొట్టిన సంగతి తెలుస్తుంది. అదే ఫిస్క్‌ని 2003 'డేర్‌డెవిల్' సినిమాలో మైకేల్ క్లార్క్ డంకన్ వేశాడు. తక్కువ నటుడా? కాదు. వచ్చి, చుట్ట కాల్చి, దెబ్బలు తిని పోవడానికే టైము సరిపోయింది. నా మాట ఒకటే బాబాయ్. సూపర్ హీరో మారడు. సూపర్‌మ్యాన్ మొదట్లో మంచివాడు, చివర్లో మంచివాడు. మారేది, పండేది, కుళ్ళేది విలనే. మారనివాడికి రెండు గంటలు చాలు. కుళ్ళేవాడికి ఎనిమిది గంటలు కావాలి.

(ఈ సంవాదంలో నాకు కొత్తగా తోచిన మాట ఇదే. ఇంత గట్టిదాన్ని మావాడు ఊరికే వదలడని కూడా తెలుసు.)

ఆపరేటర్: జోకర్ సంగతేంటి?

ఎడిటర్: వస్తాడనుకున్నా.

ఆపరేటర్: 'ది డార్క్ నైట్' 2008లో వచ్చింది, 152 నిమిషాలు. అందులో జోకర్‌కి పేరు లేదు, ఊరు లేదు. నోటి దగ్గర మచ్చలు ఎలా వచ్చాయో ఒకడికి నాన్న కోశాడని చెప్తాడు, ఇంకొకరికి పెళ్ళాం కోసం తనే కోసుకున్నానని చెప్తాడు. రెండూ అబద్ధమేనేమో. ఆస్పత్రి పేల్చేసేటప్పుడు నర్సు గౌనులో బయటికి నడిచొస్తాడు. సగం పేలి ఆగిపోతే రిమోట్‌ని చేత్తో తడుముకుంటాడు, పిల్లాడు బొమ్మ కారు పనిచెయ్యకపోతే తడుముకున్నట్టు. వాడు ఎక్కడివాడో తెలీదు కాబట్టే భయం. ఆ వేషం వేసిన హీత్ లెడ్జర్‌కి చనిపోయాక ఆస్కార్ ఇచ్చారు. అదే నీ చేతికిస్తే మూడో ఎపిసోడ్లో వాడి చిన్నప్పటి ఇల్లు, ఐదో ఎపిసోడ్లో వాళ్ళమ్మ. తొమ్మిదో ఎపిసోడ్‌కి జోకర్ పోయి పాపం ఎవరో కుర్రాడు మిగులుతాడు. నీకు టైము ఎక్కువైతే చెప్పకూడనిది కూడా చెప్తావు. 2019 'జోకర్'లో అదే జరిగింది. గతమంతా చెప్పారు. ఫీనిక్స్ గొప్పగా చేశాడు, కానీ భయం పోయి జాలి మిగిలింది.

ఎడిటర్: అది సినిమాయే కదా!

ఆపరేటర్: ...సినిమాయే అనుకో.

ఎడిటర్: రెండు గంటల సినిమా. అంటే చెప్పకూడనిది చెప్పడానికి తొమ్మిది ఎపిసోడ్లు అక్కర్లేదు. నీ గోలు నువ్వే వేసుకున్నావు. కానీ మొదటి ముక్క ఒప్పుకుంటాను, లెడ్జర్ జోకర్ సిరీస్‌లో చచ్చిపోతాడు. పెంగ్విన్ మాత్రం సిరీస్ లేకపోతే పుట్టడు. 2022 'ది బ్యాట్‌మ్యాన్'లో కాలిన్ ఫారెల్‌ని గుర్తుపట్టడమే కష్టం, కాసేపు నవ్వించి పోతాడు. 2024లో 'ది పెంగ్విన్' ఎనిమిది ఎపిసోడ్లు. బ్యాట్‌మ్యాన్ ఒక్కసారి కూడా రాడు. విక్టర్ అని ఒక కుర్రాడు, నత్తి, వరదలో ఇంటివాళ్ళందరినీ పోగొట్టుకున్నవాడు, పెంగ్విన్ దగ్గర చేరతాడు. వాడికి ఈయన హోటల్లో ఎలా ఆర్డరివ్వాలో నేర్పుతాడు. చివరి ఎపిసోడ్లో ఇద్దరూ నీళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుంటారు. కుర్రాడు, నువ్వే నా ఇంటివాడివి అనే అర్థంలో ఏదో అంటాడు. పెంగ్విన్ ఆ మాట విని, వాడి గొంతు పిసికి చంపుతాడు. వాణ్ణి ప్రేమించడం తనకి బలహీనత కాబట్టి. రెండో గంటలో వచ్చి ఉంటే అది ఒక హత్య. ఎనిమిదో గంటలో వస్తే నేను రిమోట్ కింద పడేశాను.

ఆపరేటర్: నేను ఆ రాత్రి పడుకోలేదు. సరే. ఆ కుర్రాడి పని అయిపోతుందని నాలుగో ఎపిసోడ్లోనే అనుకున్నా, అయినా తట్టుకోలేకపోయా. కానీ అందులో ఎగిరేవాడు లేడు చూడు. అది గూండాల కథ. గోథమ్ పేరు తీసేసి వేరే ఊరి పేరు పెట్టినా నడుస్తుంది.

ఎడిటర్: అలాగైతే 'వాండావిజన్' చెప్తా. 2021 జనవరి. మంత్రశక్తి ఉన్న మనిషి, చచ్చిపోయిన మొగుణ్ణి బతికించుకుని పాతకాలపు టీవీ కామెడీ షోల్లో కాపురం పెట్టింది. మొదటి ఎపిసోడ్ నలుపు తెలుపు, వెనక నవ్వులు. ఒక్కో ఎపిసోడూ ఒక్కో దశాబ్దపు టీవీ. ఆమె దుఃఖం దాక్కున్నదే టీవీలో. దాన్ని సినిమా చేస్తే ఏముంటుంది? ఎవరో టీవీ చూస్తుంటే మనం చూసినట్టు ఉంటుంది.

ఆపరేటర్: ఆహా, చివరి ఎపిసోడ్ చూశావా? ఇద్దరు మంత్రగత్తెలు ఆకాశంలో ఎదురెదురుగా నిలబడి రంగు రంగుల మెరుపులు విసురుకుంటారు. ఎనిమిది వారాలు కొండ తవ్వి, సినిమా క్లైమాక్సుని పట్టారు. చిన్నది, చవకది. ఎగరాల్సి వచ్చేసరికి మళ్ళీ మా ఇంటికే వచ్చారు. అదీగాక, మరుసటేడు 'డాక్టర్ స్ట్రేంజ్' రెండో సినిమాలో ఆమే రాక్షసి. సిరీస్ చూడనివాడికి పిల్లలెవరో, ఏడుపెందుకో తెలీదు. సినిమా టికెట్టు కొన్నవాడికి ఇంట్లో హోంవర్క్ ఇచ్చారు. 2024 జనవరిలో మన 'హనుమాన్' వచ్చింది, హోంవర్క్ ఇచ్చారా? అంజనాద్రి అనే ఊరు, ఒక చిల్లర దొంగ, ఒక మణి. గుళ్ళోకి పోయినట్టు పోయారు జనం.

ఎడిటర్: 'కల్కి'కి ఇచ్చారుగా. రిలీజుకి ముందు బుజ్జి-భైరవ యానిమేషన్ రెండు ఎపిసోడ్లు.

ఆపరేటర్: అవి చూడకపోయినా 'కల్కి' అర్థమవుతుంది. అది అప్పడం, అన్నం కాదు.

(శక్తిమాన్ మాట ఇద్దరూ ఎత్తలేదు. దూరదర్శన్ రోజుల్లో అది చూసి హాల్లో గిరగిరా తిరిగి సోఫా అంచుకి తల కొట్టుకున్న పిల్ల ఎవరో నాకు తెలుసు.)

ఎడిటర్: చివరిగా మళ్ళీ 'వాచ్‌మెన్' దగ్గరికే వస్తా. 2019లో డేమన్ లిండెలాఫ్ హెచ్‌బీఓకి తీసిన తొమ్మిది ఎపిసోడ్లు. పుస్తకాన్ని మళ్ళీ తియ్యలేదు, దాని తర్వాతి కథ చెప్పాడు. 1921లో టల్సాలో నల్లవాళ్ళ పేటని తగలబెట్టిన ఘోరంతో మొదలుపెట్టాడు, నిజంగా జరిగింది అది. ఆరో ఎపిసోడ్ చూడు. పుస్తకంలో మొట్టమొదటి ముసుగు వీరుడు ఒకడుంటాడు, మెడలో ఉరితాడు, తలకి ముసుగు. వాడెవడో పుస్తకం తేల్చి చెప్పదు. సిరీస్ చెప్తుంది, వాడొక నల్ల పోలీసు. తోటి పోలీసులే ముసుగేసి చెట్టుకి ఉరేసి, చచ్చేలోపల తాడు కోసి వదిలేశారు. వాడు ఇంటికి నడిచొస్తూ దారిలో ఎవరినో దొంగలు కొడుతుంటే, ఆ ముసుగే మళ్ళీ తగిలించుకుని వెళ్ళి కాపాడతాడు. ఆ తర్వాత ముసుగు కన్నాల్లోంచి కనపడే చర్మానికి తెల్లరంగు పూసుకుంటాడు, తెల్లవాడనుకుంటేనే జనం వీరుడంటారని. మొత్తం సూపర్ హీరో డ్రెస్సుకే వేరే అర్థం వచ్చేసింది.

ఆపరేటర్: అది చూళ్ళేదు. ...రెండో సీజన్ వచ్చిందా?

ఎడిటర్: రాలేదు. చెప్పాల్సింది అయిపోయిందని లిండెలాఫ్ చెయ్యనన్నాడు. ఆయన లేకుండా హెచ్‌బీఓ ముందుకెళ్ళలేదు.

ఆపరేటర్: మొగాడు! ఆపడం తెలిసినవాడు. అయితే అది సిరీస్ కాదమ్మాయ్, ఎనిమిది ఇంటర్వెల్లున్న సినిమా.

ఎడిటర్: పేరు నీ ఇష్టం. టైము మాత్రం నేనడిగినంత ఇచ్చావు, చాలు.

ఆపరేటర్: ఉండు, ఇంకా ఇవ్వలేదు. ఆ ఆరో ఎపిసోడ్ ఒక్కటీ ఇప్పుడు వెయ్యి. బాగుంటే ఒప్పుకుంటా.

ఎడిటర్: ఒక్కటే చూస్తే ఎలా? ముసలాయన ఎవరో, ఆ మాత్రలేంటో, ఏంజెలా అవెందుకు మింగిందో తెలియాలి. ముందు ఐదూ చూడాలి.

ఆపరేటర్: చూశావా, చూశావా! ఇందాకట్నుంచీ నేను మొత్తుకుంటోంది అదే కదా!